మొదటిసారి గూడ జారిన ఇరవై ఏళ్ల ఆటగాడు: వెంటనే సర్జరీనా, ముందు ఫిజియోనా?

సబ్‌స్కాప్

రగ్బీ, కుస్తీ, జూడో లాంటి ఒళ్లూ ఒళ్లూ తగిలే ఆట. ఇరవై ఏళ్ల కుర్రాడికి గూడ (భుజం కీలు) ముందువైపుకి జారింది, ఇదే మొదటిసారి. ఎక్కించి స్లింగ్ వేశారు. "మూడు వారాలు స్లింగ్, ఆపైన ఫిజియో, మళ్లీ జారితే అప్పుడు ఆపరేషన్ సంగతి చూద్దాం" అన్న సలహానే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ రెండోసారి దాకా ఆగడమే తప్పని నా వాదన.

1994లో ఆర్సియరో బృందం వెస్ట్‌పాయింట్ సైనిక క్యాడెట్ల ఫలితాలు ప్రచురించింది. ఆపరేషన్ చేయని 15 మందిలో 12 మందికి సమస్య తిరగబెట్టింది. ఆర్థ్రోస్కోపీతో (చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి) బ్యాంకార్ట్ రిపేర్, అంటే కీలు గిన్నె అంచున ఊడిన మెత్తటి పట్టీని (లేబ్రమ్) తిరిగి కుట్టడం, చేసిన 21 మందిలో ముగ్గురికే. 1999లో కర్క్‌లీ బృందం 30 ఏళ్లలోపు 40 మందిని రాండమ్‌గా రెండు గుంపులు చేస్తే తేడా 47 శాతానికి 16 శాతం. ఎడిన్‌బరోలో రాబిన్సన్ బృందం 15 నుంచి 35 ఏళ్ల మధ్య 252 మందిని గమనించి 2006లో చెప్పిందేమిటంటే, రెండేళ్లలోపే 55.7 శాతం మందికి కీలు మళ్లీ అస్థిరమైంది, ఐదేళ్లకు అది 66.8 శాతానికి చేరింది.

జారిన ప్రతిసారీ గిన్నె (కీలులో రెక్క ఎముక వైపు భాగం) ముందు అంచు కొంత అరుగుతుంది, బంతి (చేతి ఎముక గుండ్రటి తల) వెనక పడ్డ గుంట ఇంకాస్త లోతవుతుంది. మొదటిసారి లేబ్రమ్ కుట్టుతో పోయేది నాలుగోసారికి ఎముక ముక్క తెచ్చి బిగించేదాకా పోతుంది.

రీహాబ్ డెస్క్

సబ్‌స్కాప్ గారూ, మీరు చెప్పిన మొదటి అధ్యయనం రాండమ్ కాదు. ఏ గుంపులో చేరాలో క్యాడెట్లే ఎంచుకున్నారు. పైగా వాళ్లకు రోజూ తప్పని కసరత్తులుంటాయి. ఆ 80 శాతాన్ని మామూలు క్లబ్ ఆటగాడి ముందు పెడితే భయపెట్టినట్టే అవుతుంది.

స్వీడన్ లెక్క కూడా చూడండి. హోవెలియస్ బృందం మొదటిసారి జారినవాళ్లను 25 ఏళ్లపాటు వెంబడించి 2008లో ఫలితాలిచ్చింది. 12 నుంచి 25 ఏళ్ల వయసులో జారి, ఆపరేషన్ లేకుండా ఉన్న భుజాల్లో సగం దాకా మళ్లీ జారనేలేదు, లేదా కాలక్రమంలో వాటంతటవే నిలదొక్కుకున్నాయి. అందరికీ వెంటనే కుడితే ఆ సగం మందికి అక్కర్లేని ఆపరేషన్ చేసినట్టే కదా? ఆ సగం ఎవరో ముందే తేల్చే పద్ధతి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.

ఆర్థో పీజీ

చిన్న సందేహమండీ. చేతిని పొట్టకు ఆనించి కట్టకుండా బయటికి తిప్పి కట్టేస్తే లేబ్రమ్ సరైన చోట అతుక్కుంటుందని చదివాను. ఆ దారి ఎందుకు వదిలేశారు?

సీటీ స్లైస్

పీజీ గారూ, ఇటోయి బృందం 2007లో 198 మందిలో చూస్తే బయటికి తిప్పి కట్టినవాళ్లలో 26 శాతం, లోపలికి కట్టినవాళ్లలో 42 శాతం మందికి మళ్లీ జారింది. నార్వేలో లీవోగ్ బృందం 188 మందితో అదే పరీక్ష చేసి 2011లో ప్రచురిస్తే తేడా కనిపించలేదు. చేయి పక్కకు చాచుకుని మూడు వారాలు గడపడం కూడా కష్టమే.

ఇక అసలు వాదన. మీరిద్దరూ వయసు, ఆట మాత్రమే చూస్తున్నారు. ఎముక అరుగుతుందన్నారే గానీ, ఎంత పోయిందో కొలిచే సంగతి ఎవరూ ఎత్తలేదు. బర్క్‌హార్ట్, డి బీర్ 2000లో 194 ఆర్థ్రోస్కోపిక్ బ్యాంకార్ట్ రిపేర్లు పరిశీలించారు. పెద్ద ఎముక లోపం లేనివాళ్లలో తిరగబెట్టింది 4 శాతం, ఉన్నవాళ్లలో 67 శాతం. ఒళ్లు తగిలే ఆటగాళ్లను విడిగా తీస్తే 6.5కి 89. ఆట అదే, కుట్టు అదే. ఎముక ఉందా లేదా అన్నదే తేడా.

కొలిచే తీరు చెబుతాను, తప్పులు ఇక్కడే దొర్లుతాయి. త్రీడీ సీటీలో బంతిని చెరిపేసి గిన్నెను ఎదురుగా నిలబెట్టాలి. చిత్రం కొద్దిగా ఒరిగినా అరుగుదల తక్కువగానో ఎక్కువగానో కనిపిస్తుంది. గిన్నె కింది మూడింట రెండు వంతుల మీద, వెనక అంచూ కింది అంచూ ఆధారంగా వృత్తం గీయాలి. దాని వ్యాసం డి, ముందువైపు కరిగిన వెడల్పు బి అనుకుందాం. 2014లో డి జాకొమో, ఇటోయి, బర్క్‌హార్ట్ ఇచ్చిన లెక్క ప్రకారం గిన్నె బాట (చేయి కదిలేటప్పుడు బంతి మీద గిన్నె ఆనే పట్టీ) వెడల్పు = 0.83 × డి − బి. బంతి వెనక పడ్డ ఆ గుంట (హిల్-సాక్స్) వెడల్పుకి, గుంటకీ కఫ్ (బంతిని చుట్టి పట్టుకునే కండరాల కొసలు) అతుక్కునే చోటుకీ మధ్య మిగిలిన ఎముకను కలిపి ఇంకో కొలత తీయాలి. ఇది బాట కంటే ఎక్కువైతే గుంట బాట తప్పినట్టు. చేయి ఎత్తి బయటికి తిప్పినప్పుడు అంచుకు చిక్కుకుని జారుతుంది.

ఉదాహరణకు డి 28 మి.మీ., బి 3 మి.మీ. అనుకోండి. బాట 23.2 − 3 = 20.2 మి.మీ. గిన్నెలో పోయింది 11 శాతం లోపే, చూడటానికి తక్కువే. కానీ బంతి వైపు కొలత 22 వస్తే బాట తప్పింది. రిపోర్టులో "స్వల్ప ఎముక నష్టం" అని రాసి వదిలేస్తే సర్జన్ ఉత్త లేబ్రమ్ మాత్రమే కుట్టి బయటికొస్తారు.

ఇంకోటి. జారిన కొద్దిరోజుల్లోనే ఎమ్మారై తీస్తే కీలులో చేరిన రక్తమే కాంట్రాస్ట్‌లా పనిచేస్తుంది, లేబ్రమ్ స్పష్టంగా తెలుస్తుంది. వారాలు గడిచాక మామూలు ఎమ్మారై చాలదు, ఆర్థ్రోగ్రామ్ (కీలులోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే స్కాన్) కావాలి. లిగమెంట్ గిన్నె దగ్గర కాకుండా బంతి వైపు ఊడిందేమో ప్రత్యేకంగా వెతకాలి. అది తప్పిపోతే బ్యాంకార్ట్ ఎంత చక్కగా చేసినా నిలవదు.

సబ్‌స్కాప్

సీటీ స్లైస్ గారి మాట ఒప్పుకుంటున్నాను. "వెంటనే సర్జరీ" అన్నది "వెంటనే సీటీ, దాన్ని బట్టి సర్జరీ" అని దిద్దుకుంటాను. కానీ మొదటిసారి జారినప్పుడే ఎముక ఎక్కువ మిగిలి ఉంటుంది, కుట్టు సరిపోయే సమయం కూడా అదే. ఈ కొలత నా వాదనకే బలం.

రాబిన్సన్ బృందమే 2008లో 88 మందితో ఇంకో పరీక్ష చేసింది. ఒక గుంపుకి కీలు కడిగి వదిలేశారు, ఇంకో గుంపుకి రిపేర్ చేశారు. రిపేర్ గుంపులో మళ్లీ జారే ముప్పు 76 శాతం తగ్గింది. ఇద్దరికీ స్కోప్ వేశారు కాబట్టి ఆపరేషన్ చేయించుకున్నామన్న నమ్మకం ఇద్దరికీ సమానమే.

రిపేర్ ఎందుకు విఫలమవుతుందో కూడా చెప్పాలి. మొదటి కారణం యాంకర్లు (కుట్టు దారాన్ని ఎముకకు పట్టి ఉంచే చిన్న మేకులు) చాలకపోవడం. బొయ్యో బృందం 2006లో 91 మందిని చూస్తే 15.3 శాతం మందికి తిరగబెట్టింది, మూడు లేదా అంతకంటే తక్కువ యాంకర్లు వేసినవాళ్లకు ముప్పు ఎక్కువ. కనీసం నాలుగు వేయాలి. కుడి భుజాన్ని గడియారంలా చూస్తే అన్నిటికంటే కిందది అయిదున్నర దగ్గర పడాలి. రెండో కారణం, లేబ్రమ్‌ను సరిగా విడిపించకపోవడం. అది గిన్నె మెడ మీద లోపలికి జారి అతుక్కుపోయి ఉంటే అడుగున సబ్‌స్కాప్ కండరం పోగులు కనిపించేదాకా లేపాలి. లేపకుండా కుడితే అంచు మీద గట్టు లేవదు, చదునుగా ఉండిపోతుంది.

బంతి గుంట బాట తప్పి, గిన్నెలో 15 శాతం లోపే పోతే రెంప్లిసాజ్ కలపాలి, అంటే వెనక కఫ్‌ను ఆ గుంటలోకి కుట్టేయడం. మెక్‌డొనాల్డ్ బృందం 2021 రాండమ్ పరీక్షలో బ్యాంకార్ట్ ఒక్కటే చేసినవాళ్లలో 18 శాతం, రెంప్లిసాజ్ కలిపినవాళ్లలో 4 శాతం తిరగబెట్టింది.

ఆర్థో పీజీ

అలాంటప్పుడు అందరికీ లటార్జే చేసేస్తే పోదా? ఎముకే బిగిస్తున్నాం కదా.

సబ్‌స్కాప్

కొరకాయిడ్‌ను (రెక్క ఎముక నుంచి ముందుకు పొడుచుకొచ్చే కొన) రెండు, రెండున్నర సెంటీమీటర్ల ముక్కగా కోసి, దాన్నంటి ఉన్న కండరాలతో సహా గిన్నె ముందు అంచుకు రెండు స్క్రూలతో బిగించడం లటార్జే. నిలుపు బాగానే ఇస్తుంది. కానీ గ్రీసర్ బృందం 2013లో పాత అధ్యయనాలన్నీ కలిపి 1904 భుజాలు లెక్కేస్తే మళ్లీ పూర్తిగా జారింది 2.9 శాతమే అయినా, చిన్నాపెద్దా కలిపి ఏదో ఒక చిక్కు వచ్చింది 30 శాతానికి. ముక్క గిన్నె అంచు దాటి ఒక్క మి.మీ. పొడుచుకొచ్చినా బంతి దానికి రాసుకుని అరుగుతుంది. మరీ లోపలికి పెడితే ఆపాల్సిన చోట ఆపదు. మస్క్యులోక్యుటేనియస్ నరం, ఆక్సిలరీ నరం చేతికందే దూరంలోనే ఉంటాయి. ఎముక బాగా పోయినవాడికి ఆ ముప్పు మోయొచ్చు. గిన్నె నిండుగా ఉన్న కుర్రాడికి ఎందుకు?

రీహాబ్ డెస్క్

ఫిజియో వైపు లోపం నేనే ముందుగా చెబుతాను. బ్రిటన్‌లో జరిగిన ఆర్టిసాన్ పరీక్ష 2024లో వచ్చింది, 482 మంది. ఒక్కసారి కూర్చోబెట్టి సలహా ఇచ్చినవాళ్లకూ, ఆ సలహాతోపాటు వరుసగా ఫిజియో ఇచ్చినవాళ్లకూ ఆరు నెలలప్పుడు చెప్పుకోదగ్గ తేడా లేదు. అందులో చేరింది అన్ని వయసుల పెద్దలు, మనం మాట్లాడుతున్న ఆటగాళ్లు మాత్రమే కాదు. అయినా ఎక్కువ సెషన్లు చేస్తే గూడ జారదు అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మొద్దు.

నా అభ్యంతరం ఇంకోచోట ఉంది. మోటాడి బృందం 2014లో 196 మందిని ఓపెన్ (కోసి తెరిచి చేసే రిపేర్), ఆర్థ్రోస్కోపిక్ గుంపులుగా చేసి చూసింది. రెండేళ్లకు తిరగబెట్టింది ఓపెన్‌లో 11 శాతం, ఆర్థ్రోస్కోపీలో 23. అంటే సగానికి సగం తేడా. కానీ భుజం ఎలా ఉందో రోగులే నింపే వోసీ (WOSI) ప్రశ్నావళి స్కోరులో రెండు గుంపులూ ఒక్కటే. "మళ్లీ జారిందా" అన్న ఒక్క ప్రశ్నతో ఫలితం తేల్చేస్తే ఆటగాడి మాట వినబడదు.

సీటీ స్లైస్

అది రెండువైపులా పదునున్న కత్తి. షాహా బృందం 2015లో సైనికుల్లో చూసింది: గిన్నెలో 13.5 శాతం దాటి పోయినవాళ్లకు, మళ్లీ జారకపోయినా, వోసీ స్కోరు బాగా దెబ్బతింది. జారడం లేదు కదా అని ఊరుకున్న భుజం కూడా బాధపెడుతూనే ఉండొచ్చు.

సీజన్ కోచ్

సీజన్ మధ్యలో జారితే ఆటగాడు అడిగేది ఒకటే, ఈ సీజన్ పూర్తి చేయగలనా అని. డికెన్స్ బృందం 2014లో అమెరికా కాలేజీ ఆటగాళ్లు 45 మందిని ఆపరేషన్ లేకుండా చూసింది. 73 శాతం మంది మళ్లీ బరిలోకి దిగారు. కానీ గూడ ఇబ్బంది పెట్టకుండా సీజన్ ముగించింది 27 శాతమే. 2017లో తర్వాతి సీజన్ లెక్క కూడా ఇచ్చారు. ఆపరేషన్ చేయించుకున్న 29 మందిలో 26 మంది సమస్య లేకుండా ఆడారు, చేయించుకోని 10 మందిలో నలుగురే.

రీహాబ్ డెస్క్

పది మంది చాలా చిన్న సంఖ్య, ఎవరికి ఏ చికిత్సో రాండమ్‌గా తేల్చలేదు కూడా. అయినా ఒళ్లు తగిలే ఆట, ఇరవై లోపు వయసు, సీటీలో బాట తప్పిన గుంట, ఈ మూడూ కలిసొస్తే ఇక నేను అడ్డుచెప్పను. గుంట బాటలోనే ఉండి, ఈత లేదా పరుగు లాంటి ఆటైతే ముందు ఫిజియోనే అంటాను. విసిరే ఆటలవాళ్లకు మాత్రం మొదటిసారికే కుట్టడానికి ఇప్పటికీ ఒప్పుకోను. కుట్టు పది డిగ్రీలు బిగిసినా వాళ్ల విసురు పోతుంది.

ఆపరేషన్ చేసినా తొందర వద్దు. నాలుగు వారాలు స్లింగ్. ఆరు వారాల దాకా మోచేయి పక్కకు ఆనించి బయటికి తిప్పడం 30 డిగ్రీలు దాటకూడదు. చేయి భుజం ఎత్తుకి లేపి వెనక్కి తిప్పే భంగిమ 10, 12 వారాల తర్వాతే. బరువులు 12 వారాల నుంచి, ఒళ్లు తగిలే సాధన దాదాపు ఆరు నెలలకు. క్యాలెండర్ చూసి పంపొద్దు, కొలిచి పంపండి. డైనమోమీటర్‌తో లోపలికీ బయటికీ తిప్పే బలం రెండో చేతిలో 90 శాతమైనా రావాలి. నేల మీద 91 సెం.మీ. దూరంలో రెండు గీతలు గీసి, పుషప్ భంగిమలో 15 సెకన్లలో చేతులు మార్చి మార్చి ఎన్నిసార్లు తాకగలరో మూడు విడతలు చూడండి, మధ్యలో 45 సెకన్ల విశ్రాంతి ఇచ్చి. 21కి తగ్గితే ఇంకా సిద్ధం కానట్టే. వెనక్కి తిప్పినప్పుడు ముఖంలో భయం కనిపిస్తే అంకెలు ఎంత బాగున్నా ఆపేయండి.

సీటీ స్లైస్

సర్జన్లకు ఒక విన్నపం. ఆపరేషన్ నోట్‌లో డి, బి, గుంట కొలత, యాంకర్ల సంఖ్య, అన్నిటికంటే కింది యాంకర్ ఏ గంట దగ్గర వేశారో రాయండి. రెండేళ్ల తర్వాత ఆ భుజం మళ్లీ జారి వస్తే, ఎముక అప్పుడే పోయిందా, తర్వాత పోయిందా అన్నది ఆ ఐదు అంకెలు లేకుండా ఎవరూ చెప్పలేరు.