వెళ్లగొడితే ఊరొదిలి పోయినవాళ్లకి ఇళ్ల జాబితాలో చోటు ఉంచాలా?

గోదారిగట్టు (రావులపాలెం):
శ్రీలంక మీద మా వాట్సాప్ గ్రూపులో మొదలైన గొడవ ఇది. 1990 అక్టోబరులో, తమిళులకి వేరే దేశం కావాలని పోరాడిన ఎల్‌టీటీఈ, అక్కడి ఉత్తర ప్రాంతపు ముస్లింలను, 70,000 మందికి పైగా, ఊళ్లు ఖాళీ చేయించింది. జాఫ్నా పట్టణంలో ఇచ్చిన గడువు రెండు గంటలు. ఎక్కువమంది దక్షిణాన ఉన్న పుత్తళం జిల్లా వైపు పోయారు. 2009 మేలో సైన్యానికీ ఎల్‌టీటీఈకీ మధ్య యుద్ధం ముగిసేసరికి, ఉత్తరాన జాఫ్నాకి దిగువనున్న వన్ని ప్రాంతంలో సర్వం పోగొట్టుకున్న తమిళులు క్యాంపుల్లో ఉన్నారు. అప్పుడు నిర్వాసితుల్ని 'పాతవాళ్లు' (ఆ ముస్లింల్లా ఎప్పుడో పోయినవాళ్లు), 'కొత్తవాళ్లు' (యుద్ధం చివర్లో క్యాంపుల్లో చేరినవాళ్లు) అని విడదీసి, సాయం ముందు కొత్తవాళ్లకి అన్నారు. అక్కడి నిర్వాసితులకి మన దేశం కట్టిస్తానన్న 50,000 ఇళ్ల విషయంలోనూ ఈ తగువు వచ్చింది. నా మటుకు అది సరైన పద్ధతే. మీరేమంటారు?

సఖినేటిపల్లి రేవు:
ఆయ్, నేనూ మీ వైపే. టార్పాలిన్ కింద ఉన్నవాడిని ఆపి, ఇరవై ఏళ్లుగా వేరే ఊళ్లో ఎలాగో బతుకుతున్నవాడికి ఇల్లు కడతామా?

యానాం రోడ్డు:
మా అమ్మ 1990లో కువైట్‌లో ఇంటిపనిలో ఉండేదండీ. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగాక బస్సుల్లో పడి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చింది. తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ పెట్టింది. ఇరాక్ చమురు అమ్మిన సొమ్ములో కొంత పట్టుకుని, ఆ యుద్ధంలో వదిలి వచ్చేసినవాళ్లకి తలకి 2,500 డాలర్లు ఇచ్చారు, వేరే క్లెయిములు పెట్టనని రాసిస్తే 4,000. అడిగిన ఋజువల్లా ఆ తేదీల మధ్య అక్కడి నుంచి వచ్చేసినట్టు చూపడమే. మళ్లీ వెళతావా, అక్కడ నీకేముంది అని అడగలేదు. మా ఇంటి శ్లాబు ఆ డబ్బుతోనే వేశాం. పారిపోయి వచ్చినవాళ్లకి హక్కు పోతుందంటే నేనెలా ఒప్పుకుంటాను?

గోదారిగట్టు:
అమ్మగారిది డబ్బండీ, ఎక్కడికైనా పంపొచ్చు. ఇది నేల. ఇరవై ఏళ్లలో కొంత అడవి పట్టింది, కొంత వేరేవాళ్లు సాగు చేసుకుంటున్నారు. అప్పటి ఒక కుటుంబం పిల్లల పెళ్లిళ్లయి ఇప్పుడు మూడు కుటుంబాలు. ఎన్ని ఇళ్లిస్తారు? బోస్నియా చూడండి. అక్కడి యుద్ధాన్ని ఆపిన 1995 డేటన్ ఒప్పందం, తరిమేస్తే పోయిన ప్రతి ఒక్కరికీ సొంతింటికి తిరిగొచ్చే హక్కు రాసింది. దాదాపు 2 లక్షల దరఖాస్తులు వస్తే తొంభై శాతం పైనే తేల్చారు. తీరా ఇల్లు చేతికొచ్చాక చాలామంది అమ్మేసుకుని తమవాళ్లున్న చోటికే పోయారు.

యానాం రోడ్డు:
అమ్ముకోనివ్వండి. సొంతిల్లన్నాక అమ్ముకునే హక్కు ఉండదా?

కౌలురైతు (అయినవిల్లి):
లంక సంగతి మీరు చెబితేనే తెలిసింది గానీ, జాబితాల సంగతి నాకు బాగా తెలుసు. వరదకి చేను మునిగితే రాసుకోడానికి వచ్చినవాళ్లు ముందు పాస్‌బుక్ ఎవరిదంటారు. మన ఆంధ్రాలో 2019 సాగుదారుల చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే ఆసామి ఒప్పుకోవాలి. మా ఆసామి ఉండేది హైదరాబాదులో, సంతకం అంటే ఫోనెత్తడు. పెట్టుబడి నాది, పరిహారం ఆయన ఖాతాలో. అందుకే అంటున్నాను, ఉన్నవాళ్లకి ముందు ఇవ్వడం తప్పు కాదు. కానీ ఒకసారి మూసిన జాబితాని మళ్లీ ఎవరూ తెరవరు. పేర్లన్నీ మొదటిరోజే రాయండి, డబ్బు వెనకాముందు ఇవ్వండి.

ధవళేశ్వరం సైటు:
నేను ఇళ్లు కట్టించేవాడిని కాబట్టి ఇంకో చిక్కు చెబుతాను. మన దేశం ఇచ్చిన ఆ 50,000 ఇళ్ల పథకంలో చాలా ఇళ్లకి కాంట్రాక్టరు లేడు, యజమానే కట్టుకోవాలి. ఇంటికి శ్రీలంక రూపాయల్లో 5.5 లక్షలు, విడతలుగా ఖాతాలో వేశారు. పద్ధతి మంచిదే, మధ్యలో తినేవాడు తగ్గుతాడు. అయితే పునాది లేస్తేనే తర్వాతి విడత. పుత్తళంలో కూలికెళ్లే మనిషి, పిల్లల బడి అక్కడే ఉన్న మనిషి, సొంతూళ్లో ఇల్లు లేచేదాకా కాపలా ఎలా ఉంటాడు? వన్నిలో ఉన్న తమిళ ఆడవాళ్లకీ సుఖం లేదు. స్థలం భర్త పేరున ఉంటుంది. ఆయన తప్పిపోయాడు, పోయాడని రాయించడానికి ఆమెకి మనసొప్పదు. 'కనిపించడం లేదు' అని ధ్రువపత్రం ఇచ్చే చట్టం వచ్చింది 2016లో, యుద్ధం ముగిసిన ఏడేళ్లకి! మీరంతా పాతవాళ్లు, కొత్తవాళ్లు అని కొట్టుకుంటున్నారు గానీ, కాగితం లేనివాళ్లు రెండు వైపులా ఉన్నారు.

సఖినేటిపల్లి రేవు:
ఈ కాగితం సంగతి నేను ఆలోచించలేదు. అయినా క్యాంపు ముందు అన్న మాట మీదే ఉన్నాను.

గోదారిగట్టు:
పేర్లు ముందే రాయాలంటే సరే. ఆ స్థలంలో ఇప్పుడు సాగు చేస్తున్నవాడిని లేపాలా వద్దా, అది మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

కౌలురైతు:
పంట కోసుకునేదాకా లేపకండి. ఆ తర్వాతైనా వేరేచోట స్థలం చూపించాకే లేపండి. అసలు వాడు కూడా ఎక్కడి నుంచో తరిమితే వచ్చినవాడేమో, ముందు ఆ సంగతి కనుక్కోండి.