అప్‌డేట్: థాంక్స్ చెప్పడానికి చివరికి ఏ పూలు తీసుకున్నానంటే

అమ్మ ఆపరేషన్‌కి తోడున్న స్నేహితులకు, పక్కింటి పిన్నిగారికి ఏ పూలివ్వాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

స్నేహితులకు పసుపు, నారింజ జెర్బెరాలు. ఎర్ర గులాబీలు వద్దన్న మాట సబబే, వాటిని ప్రేమ కిందే లెక్కేస్తారు. జెర్బెరా మధ్య బొడ్డులో బయటి ఒకటి రెండు వరుసల్లోనే పుప్పొడి కనిపించాలి; బొడ్డంతా పుప్పొడి పరుచుకుందంటే పూవు పాతది. కాడ మెత్తన కాబట్టి వాజు నిండా నీళ్లు పోస్తే కుళ్లి, మెడ వాలిపోతుంది. రెండు మూడంగుళాలు చాలు. రోజూ నీళ్లు మార్చి, కాడ చివర అరంగుళం ఏటవాలుగా కోయమని ఇచ్చేటప్పుడే చెప్పండి. ముగ్గిన అరటిపళ్ల పక్కన ఏ పూలూ పెట్టొద్దు, తొందరగా వాడిపోతాయి.

పిన్నిగారికి బొకే కన్నా మల్లెలే నయం: మరువం కలిపి కట్టిన రెండు మూరలు. తల్లో పెట్టుకుంటారు, దేవుడికీ వేస్తారు. పూర్ణా మార్కెట్‌లో విచ్చుకోని తెల్ల మొగ్గలే అడగండి, సాయంత్రానికి విచ్చుకుంటాయి. మన వైజాగ్ ఉక్కకి ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి రేకులు గోధుమరంగు తిరుగుతాయి. అరిటాకులో చుట్టించుకోండి.