మనిషే ‘పెయిన్’ అయితే తెలుగులో ఏమంటాం?

మా అన్నయ్య మనవడు బర్మింగ్‌హామ్‌లో ఐదో తరగతి చదువుతున్నాడు. మొన్న వీడియో కాల్‌లో చెల్లెలి గురించి చెబుతూ ‘షి ఈజ్ సచ్ ఎ పెయిన్’ అన్నాడు. మా వదిన కంగారుపడిపోయి, “పాపకి ఎక్కడరా నొప్పి? డాక్టరుకి చూపించారా?” అని మొదలుపెట్టింది. వాడు నవ్వాడు, ఈవిడకి ఇంకా కంగారు పెరిగింది.

‘ఇన్ పెయిన్’ అంటే నొప్పితో ఉన్నట్టు. ‘ఎ పెయిన్’ అంటే ఆ మనిషే ఒక నొప్పి, అంటే విసిగించే రకం. తేడా అంతా ఆ చిన్న ‘ఎ’లో ఉంది, తెలుగులో దానికి సరిజోడు లేదు. పూర్తి మాట ‘పెయిన్ ఇన్ ది నెక్’. మోటుగా అనేవాళ్ళు మెడకి బదులు మనం కూర్చునే భాగం పేరు చెబుతారు. పిల్లలూ పెద్దలూ కలిసున్న ఇంట్లో మెడతోనే సరిపెట్టుకుంటారు, లేదా అసలు ఏ భాగమూ చెప్పకుండా ‘ఎ పెయిన్’ అని ఊరుకుంటారు. ఇంగ్లండులో ‘ఎ రైట్ పెయిన్’ అని కూడా వినిపిస్తుంది. ఇక్కడ ‘రైట్’ అంటే కుడి కాదు, అచ్చమైన అని.

దీనికి తెలుగు ‘తలనొప్పి’ అని చెప్పేయవచ్చు. కానీ మనం ‘వాడితో తలనొప్పి’ అంటాం. నొప్పి మనకి, కారణం వాడు. ‘వాడొక తలనొప్పి’ అనేది నా చెవికి కాస్త ఇంగ్లీషు వాసన కొడుతుంది. మనిషిని తిట్టాలంటే మనకి శని, తద్దినం, జిడ్డు ఉన్నాయి. గ్రహాన్నీ తిథినీ కూడా వదల్లేదు గానీ, మనిషిని నొప్పిని మాత్రం చేయలేదు అనిపిస్తోంది. మీరేమంటారు?

— ‘పీడ’ని మరిచిపోయారా మాస్టారూ? సంస్కృతంలో పీడ అంటే నొప్పే. ‘వాడొక పీడ’, ‘పీడ విరగడైంది’ అని మా అమ్మమ్మ రోజూ అనేది. అక్కడ మనిషే నొప్పి కదా!

— నిజమే, ఒప్పుకున్నాను. తలనొప్పిని ‘శిరఃపీడ’ అని రాస్తూ కూడా ‘పీడ’లో నొప్పి ఉందని తట్టలేదు చూడండి. వాడి వాడి మాట అరిగిపోతే లోపలి బాధ వినపడదు కాబోలు. ఇంగ్లీషు మాటకీ ఇలాంటి కథే ఉంది. పెయిన్‌కి మూలం లాటిన్ ‘పీనా’, అంటే శిక్ష. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. పెనాల్టీ, పనిష్‌మెంట్ దాని చుట్టాలే. కోర్టుకి రమ్మని పంపే ‘సబ్‌పీనా’ అంటే ‘శిక్షకి లోబడి’ అని, రాకపోతే శిక్ష తప్పదని. ‘ఆన్ పెయిన్ ఆఫ్ డెత్’లో ఇప్పటికీ ఆ శిక్షే ఉంది, నొప్పి కాదు.

— మా ఇంట్లో వాడుక ఇంకోటి ఉంది. ‘లేచి కాసిని మంచినీళ్ళు తెచ్చుకోవడానికి ఏం నొప్పి?’ ఇక్కడ నొప్పి అంటే బద్ధకం!

— ‘నేను మాట్లాడితే నీకేం నొప్పి?’ కూడా చేర్చండి. అందులో నొప్పి అంటే అభ్యంతరం, ఓర్వలేనితనం. ఇంగ్లీషువాళ్ళు ఈ చోట పెయిన్ వాడరు.

— బహువచనం సంగతేమిటి? సినిమా ఫంక్షన్లలో ‘డైరెక్టర్ గారు చాలా పెయిన్ తీసుకున్నారు’ అంటారు. నాకు ప్రతిసారీ ఆయనకి మందు రాయాలనిపిస్తుంది.

— అది ‘టేక్ పెయిన్స్’, శ్రమపడటం. మన దగ్గరికి వచ్చేసరికి చివరి ‘స్’ రాలిపోయింది. ‘పెయిన్‌స్టేకింగ్’ని కూడా పెయిన్స్, టేకింగ్ అని విడదీయాలి. అమెరికా రచయిత బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1758లో రాసింది కూడా ‘పెయిన్స్ లేకుండా గెయిన్స్ లేవు’ అనే. జిమ్ గోడ మీదికి ఎక్కేసరికి అది ‘నో పెయిన్, నో గెయిన్’ అయింది. ఆయన అన్నది కష్టం గురించి, జిమ్‌వాళ్ళకి కండరాల నొప్పి కావాలి. అదే ‘పెయిన్స్’ మన ఆసుపత్రి వరండాలో వినబడితే అర్థం ఒక్కటే. ‘పెయిన్స్ వచ్చాయా?’ అంటే ‘నొప్పులు మొదలయ్యాయా?’ అని. తెలుగులోనూ నొప్పి ఎక్కడైనా రావచ్చు గానీ, ‘ఆమెకి నొప్పులొస్తున్నాయి’ అనగానే అందరూ ఆటో కోసం పరిగెడతారు.

— ‘ఫీలింగ్ నో పెయిన్’ అని అమెరికాలో మా రూమ్మేట్ ఒకతన్ని చూసి అన్నారు. ఒంట్లో బాగుందనుకున్నాను. తప్పతాగి ఉన్నాడని అర్థమట.

— ఇదీ చూడండి: ఫ్రెంచిలో ‘పెయిన్’ స్పెల్లింగు అక్షరాలే రాస్తే రొట్టె. మన పావ్‌భాజీలో పావ్ దానికి దూరపు బంధువు, పోర్చుగీసువాళ్ళతో వచ్చింది. శిక్షకీ రొట్టెకీ మాత్రం ఏ చుట్టరికమూ లేదు, స్పెల్లింగు కలిసిందంతే.

— ఇంతకీ మీ వదినగారికి అర్థం చెప్పారా?

— చెప్పాను. ఇప్పుడు రోజూ ఫోన్‌లో ఆ పాపని “ఏమే పెయినూ, అన్నం తిన్నావా?” అని పలకరిస్తోంది.