80 మీటర్లకు 8 వర్టికల్స్‌తో గుండ్రటి రిసీవింగ్ ఆరే: కట్టినవాళ్లు చెప్పండి

పొలంలో_ఏరియల్ (జనగామ వైపు)
ఓఎమ్‌లందరికీ (తోటి హామ్ రేడియో మిత్రులకు) నమస్కారం. 80 మీటర్ల హామ్ బ్యాండులో (3.5 మెగాహెర్ట్జ్ దగ్గర) నా కష్టం ఇది. ఇంటి దగ్గరున్న వర్టికల్‌తో (నిలువు ఏరియల్‌తో) పిలిస్తే యూరప్ వాళ్లు పలుకుతున్నారు, వాళ్లేమంటున్నారో నాకే వినపడదు. ఎక్కడ ఉరిమినా ఆ గరగరంతా వచ్చి ఆ ఒక్క వర్టికల్‌లోనే పడుతుంది. ఊరి బయట మాకు ఎకరం చెలక ఉంది. అందులో వినడానికి మాత్రమే 8 చిన్న వర్టికల్స్ గుండ్రంగా పాతి ఆరే (కలిసి ఒక్కటిగా పనిచేసే ఏరియల్స్ గుంపు) కడదామని ఉంది. కొలతలు చెప్పండి, మీరు చేసిన పొరపాట్లు కూడా చెప్పండి. అదే ఆరే 160 మీటర్ల బ్యాండుకి కూడా పనికొస్తుందా?

పాత_మోర్స్
తమ్ముడూ, ముందు 160 సంగతి. దానికి వృత్తం వ్యాసమే 107 మీటర్లు. నలుచదరంగా లెక్కేస్తే మూడెకరాలకు కాస్త తక్కువ, నీ చెలకలో పట్టదు. 80కి హాయిగా పడుతుంది.

3.52 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 85.2 మీటర్లు. వ్యాసం అందులో 0.654 వంతు, అంటే 55.7 మీటర్లు. నడిమధ్య మేకు దిగ్గొట్టి 27.85 మీటర్ల తాడుతో గుండ్రంగా తిరుగు. పక్కపక్క మేకుల మధ్య 21.3 మీటర్లు రావాలి. రాకపోతే తాడు సాగిందన్నమాట.

ఎనిమిది పాతినా ఒక్కో దిక్కుకి పనిచేసేవి నాలుగే: ఎడమపక్క ఒక జత, కుడిపక్క ఒక జత. జతలో రెండింటి మధ్య ఆ 21.3 మీటర్లే, అంటే పావు తరంగం. జతకీ జతకీ మధ్య 51.5 మీటర్లు. జతలో వెనక ఎలిమెంట్ (ఒక్కో వర్టికల్‌ని అలా అంటాం) సిగ్నల్‌ని పావు తరంగం ఆలస్యం చేసి, ట్రాన్స్‌ఫార్మర్‌తో ఫేజు తిరగేసి (తరంగాన్ని తలకిందులు చేసి), ముందుదానితో కలుపుతాం. వెనకనుంచి వచ్చినది అక్కడికక్కడే చెల్లిపోతుంది. తర్వాత రెండు జతలనూ సమంగా కలిపితే పక్కలనుంచి వచ్చేది కూడా తగ్గుతుంది. మిగతా దిక్కులకు రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) మార్చడమే.

లాభం ఎంతంటే, ఆర్‌డిఎఫ్ (వినే దిక్కునుంచి వచ్చేదాన్ని అన్ని వైపుల సగటుతో పోల్చే అంకె) దాదాపు 13 డెసిబెల్స్ (డిబి) వస్తుంది. ఒంటి వర్టికల్‌కి 5. శబ్దం అన్ని వైపులనుంచీ సమంగా ఉంటే తేడా 8 డిబి. ఉరుములు ఆగ్నేయంలో ఉండి నువ్వు వాయవ్యం వింటుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. రెండూ ఒకే వైపు ఉంటే మాత్రం ఏ ఆరే కూడా ఏమీ చేయలేదు.

తీరంవాసి (బాపట్ల)
నా పొరపాటు చెప్తాను, మీరు చేయకండి. మొదటి మేకు సరిగ్గా ఉత్తరాన కొట్టాను. బీములు (ఆరే బాగా వినే దిక్కులు) మేకుల వైపు పోవు, అష్టభుజి అంచులకు సమాంతరంగా పోతాయి. దాంతో నా బీములన్నీ 22.5 డిగ్రీలు పక్కకి జరిగాయి. మనకు జర్మనీ, ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కేస్తే, సుమారు 318 డిగ్రీల్లో ఉంటుంది. నా బీములేమో 292.5 దగ్గర ఒకటి, 337.5 దగ్గర ఒకటి. యూరప్ సరిగ్గా రెండింటి సందులో పడింది! ఒక సీజనంతా అలాగే విన్నాను.

మేకుల్ని ఉత్తరానికి 22.5 డిగ్రీలు ఇటూ అటూ వచ్చేలా కొట్టండి. అప్పుడు 315 బీము యూరప్‌కి, ఉత్తరం బీము అమెరికా పడమటి తీరానికి (లాస్ ఏంజిలిస్ 17), 45 బీము జపాన్‌కి సరిపోతాయి. న్యూయార్క్ (337) మాత్రం 315కీ ఉత్తరానికీ సందులో పడుతుంది.

డల్లాస్_తెలుగు
నాది ట్రాన్స్‌మిట్ ఫోర్ స్క్వేర్ (సిగ్నల్ పంపడానికి నలుచదరంగా పాతిన నాలుగు వర్టికల్స్), 40 మీటర్ల బ్యాండుకు. గుండ్రటి ఆరేలకు అన్నలాంటిదే కాబట్టి చెప్తున్నాను. ఒక్కో పక్క పావు తరంగం, అంటే 10.56 మీటర్లు. మూలనుంచి నడిమధ్యకి 7.47. పావు తరంగం కోయాక్స్ కోసి తెచ్చాను, 0.66 వెలాసిటీ ఫ్యాక్టర్ (కేబుల్‌లో సిగ్నల్ వేగం గాలిలో వేగంలో ఎన్నో వంతో చెప్పే అంకె) ఉన్న మామూలు కేబుల్. పొడవు 6.97 మీటర్లే. నాలుగు పక్కలా అర మీటరు చాలలేదు! మళ్లీ ఫోమ్ కేబుల్ కొని 8.6 మీటర్లకు కోస్తే అందింది.

పావు తరంగమే ఎందుకంటే, దాని చివర కరెంటు మొదట్లో ఉన్న వోల్టేజిని బట్టే ఉంటుంది, ఎలిమెంట్ ఇంపెడెన్స్‌ని (కరెంటుకి అది చూపే అడ్డంకిని) బట్టి కాదు. పూర్తి సైజు ఎలిమెంట్లు ఒకదాన్నొకటి గట్టిగా లాగుతాయి, వెనక ఎలిమెంట్ రెసిస్టెన్స్ దాదాపు సున్నాకి దిగిపోతుంది. మీ చిన్న రిసీవింగ్ ఎలిమెంట్లకి ఈ బాధ లేదు. వరుసలో రెసిస్టర్ పెట్టి 75 ఓములకి తెస్తారు కాబట్టి ఒకదాని సంగతి ఇంకోదానికి పెద్దగా పట్టదు. సిగ్నల్ తగ్గుతుంది, దానితోపాటే శబ్దమూ తగ్గుతుంది. ఒక ప్రీ యాంప్ (రిసీవర్ ముందు సిగ్నల్ పెంచే పెట్టె) చాలు.

పాత_మోర్స్
బాగా చెప్పారు. నేల తేమ మార్పుని కూడా ఆ రెసిస్టరే కాస్త కాస్తుంది. ఒక పక్క తడి మడి, ఇంకో పక్క ఎండిన గట్టు ఉంటే ఎలిమెంట్లు ఒక్కలా ఉండవు. ఈ ఆరేలో గొప్ప ఎలిమెంట్ అక్కర్లేదు, ఎనిమిదీ ఒకేలా ఉండాలి. నాకు ఇది బుర్రకెక్కడానికి రెండేళ్లు పట్టింది.

కేబుల్ విషయంలో ఇంకా జాగ్రత్త. డిష్ టీవీకి వాడే ఆర్‌జి-6 సరిపోతుంది. కానీ వేర్వేరు చుట్టలు కలపొద్దు. వెలాసిటీ ఫ్యాక్టర్ ఒకదానికి 0.82, ఇంకోదానికి 0.85 ఉందనుకో, టేపుతో రెండూ 30 మీటర్లకు కోసినా 80లో ఫేజులో ఐదు డిగ్రీలకు పైనే తేడా వస్తుంది. నానో విఎన్‌ఏతో (కేబుల్‌లో సిగ్నల్ ఆలస్యం కొలిచే చిన్న యంత్రంతో) కొలిచి కొయ్యి. 20 సెంటీమీటర్లు ఒక డిగ్రీ అని గుర్తుపెట్టుకో.

కరీంనగర్_క్యూఆర్‌పి
లెక్కలు అన్నలు చెప్పిండ్రు, నేను పొలం సంగతి చెప్త. ఒక్కో ఎలిమెంట్ పైన కట్టే నాలుగు టాప్ వైర్ల మీద కోతులు ఊగుతయి. నా రెండు ఎలిమెంట్లు అట్లనే వంగినయి. ఇప్పుడు తీగలు కిందికి లాగి నైలాన్ తాడుతో బిగించిన, కొంచెం నయం. కేబుల్ భూమిల పీవీసీ పైపుల వెయ్యండి, లేకుంటే ఎలుకలు కొరుకుతయి.

ఇంకొకటి. రిసీవర్ల సెకనుకొకసారి టిక్ టిక్ అని వస్తే అది అడవిపందుల కోసం పెట్టిన సోలార్ కంచె. మా పక్క రైతుతోని పోయి చూస్తే గడ్డి తీగకు తగులుతున్నది, రెండు ఇన్సులేటర్లు పగిలినయి. మేమిద్దరం కలిసి ఒక పూటల సరిచేసినం. ఆయన కంచె బాగయింది, నా 80 మీటర్లు బాగయింది.

పొలంలో_ఏరియల్
అందరికీ దండాలు. తీరంవాసి అన్నా, నిన్ననే నేను మొదటి మేకు ఉత్తరాన కొట్టి వచ్చిన. పొద్దున్నే పోయి పీకేసి 22.5కి మార్చిన. తాడు కొలతలో 21.3కి బదులు 21.6 వస్తున్నది, అంటే నైలాన్ తాడు సాగింది, ఇనుప తీగతో మళ్లీ కొలుస్తా. కేబుల్ ఒకే చుట్టలోంచి 240 మీటర్లు దొరుకుతుందేమో రేపు జనగామలో అడగాలె. కోసినాక విఎన్‌ఏ అంకెలు ఇక్కడే పెడతా. 73 (మన హామ్‌ల భాషలో శుభాకాంక్షలు).