అప్‌డేట్: మధ్యలో పెంచిన పోస్ట్‌పెయిడ్ రేటు సంగతి

మొన్న అడిగింది ఇదే: బాపు నంబరుకు 499 ప్లాన్ తీసుకొని ఆరు నెలలు కూడా కాకముందే కంపెనీ రెంటల్ 599 చేసింది. జీఎస్‌టీతో కలిపి బిల్లు మీద 118 రూపాయలు ఎక్కువ. "మెసేజ్ పంపినం కదా" అన్నరు.

డబ్బు తిరిగొచ్చింది. మొదట నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి కంపెనీ స్టోర్‌లో "అందరికీ పెరిగిందన్నా, మా చేతిల లేదు" అని తిప్పి పంపారు. కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబరు) తీసుకుంటే, రేటు సవరణ సరైనదేనని రాసి కంప్లైంట్ మూసేశారు. అసలు కోపం అప్పుడొచ్చింది.

దాంతో ఆ కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీకి, అంటే మూసేసిన ఫిర్యాదును మళ్లీ చూసే పై అధికారికి, అప్పీల్ పెట్టా. దానికి ఫీజు లేదు. టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ పెట్టిన టారిఫ్ (రేట్ల) నిబంధన ప్రకారం, ప్లాన్‌లో చేరిన రోజు నుంచి ఆరు నెలలు రేటు పెంచకూడదు. తగ్గించొచ్చు. ఆ ఒక్క ముక్క రాసి, చేరిన తేదీ ఉన్న మొదటి బిల్లు, పెరిగిన బిల్లు జతచేశా. తేదీల కింద ఎర్ర గీత గీశా. కథంతా రాయలేదు.

తర్వాతి బిల్లులో "అడ్జస్ట్‌మెంట్" అని మైనస్ గుర్తుతో 118 కనిపించింది. బాపు కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

ట్రాయ్‌కి నేరుగా రాయమని కొందరు చెప్పారు. వాళ్లు విడివిడి ఫిర్యాదులు తీర్చరు, కంపెనీకే పంపిస్తారు. కాబట్టి డాకెట్ నంబర్ మాత్రం వదలొద్దు, అప్పీల్‌కు అదే ఆధారం. ఆరు నెలలు నిండాక రేటు ఎలాగూ పెంచుతారు, అప్పుడు 1900కి మెసేజ్ పెట్టి, అదే నంబర్‌ను వేరే కంపెనీకి పోర్ట్ చేయిస్తాం.