మధుమేహ ఎలుకల రెటీనా రక్తప్రవాహం: కెటమిన్ సూదా, ఐసోఫ్లూరేన్ వాయువా?

రెటీనా_పరిశోధకురాలు:
స్ట్రెప్టోజోటోసిన్‌తో (ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేసే మందు) మధుమేహం కలిగించిన ఎలుకల రెటీనా రక్తప్రవాహాన్ని ఓసీటీ ఆంజియోగ్రఫీతో (కదిలే రక్తాన్ని కాంతితో గుర్తించి నాళాలను చూపే పద్ధతి) చిత్రించవలసి ఉంది. మా ప్రయోగశాలలో కెటమిన్, జైలజిన్ అనే మత్తుమందులు కలిపి పొట్టలోకి సూది వేయడం ఆనవాయితీ. పీల్చే మత్తువాయువైన ఐసోఫ్లూరేన్‌కు మారితే పాత కొలతలతో పోల్చలేమన్న అభ్యంతరం వచ్చింది. మారడం నిజంగా అవసరమా?

పశువైద్యుడు:
ఈ ప్రయోగానికి తప్పనిసరిగా మారాలి. జైలజిన్ ఇన్సులిన్ విడుదలను అణచివేస్తుంది గనుక మేత తిన్న ఆరోగ్యవంతమైన ఎలుకలో సైతం రక్తంలో చక్కెర పెరుగుతుంది; స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చిన ఎలుకలో అణచడానికి మిగిలిన ఇన్సులినే అంతంతమాత్రం. అంటే మందు రెండు గుంపులపై ఒకేలా పనిచేయదు. పోలిక కోసం పెట్టుకున్న ఆరోగ్యవంతమైన గుంపే దారి తప్పుతుంది. పైగా గుండె వేగం తగ్గుతుంది, ఒక్క సూదితో ఇచ్చిన మత్తు లోతు నిమిషనిమిషానికీ మారుతుంది.

దృశ్యభౌతికం:
జైలజిన్ దోషాలను కాదనను, కానీ ఐసోఫ్లూరేన్ నిర్దోషి కాదు. అది స్వయంగా రక్తనాళాలను వ్యాకోచింపజేస్తూ, మోతాదు పెరిగేకొద్దీ రక్తపోటును తగ్గిస్తుంది. అప్పటికే విప్పారిన నాళంలో వ్యాధి తెచ్చిన తేడా ఎంత కనబడుతుంది? చాలాచోట్ల ఆ వాయువును నూరు శాతం ఆక్సిజన్‌తో కలిపి ఇస్తారు. ఆక్సిజన్ రెటీనా నాళాలను ముడుచుకునేలా చేస్తే, శ్వాస మందగించి పేరుకునే కార్బన్ డయాక్సైడ్ వాటిని విప్పుతుంది. మీరు కొలిచేది ఈ లాగులాట ఫలితాన్ని. ఆటోరెగ్యులేషన్ (రక్తపోటు మారినా ప్రవాహాన్ని నిలకడగా ఉంచే గుణం) బలహీనంగా ఉండే కోరాయిడ్‌లోనైతే, అంటే రెటీనా వెనక ఉండే రక్తనాళాల పొరలోనైతే, రక్తపోటు తగ్గుదల మరింత నేరుగా కనబడుతుంది. ఇంకొక మాట, ఆంజియోగ్రఫీ సంకేతం బలాన్ని రక్తప్రవాహ పరిమాణంగా చదవడం వేరే తప్పు. ప్రవాహ పరిమాణానికి రక్తం వేగాన్ని కొలిచే డాప్లర్ ఓసీటీ కావాలి.

పశువైద్యుడు:
మీరు చెప్పినవి చాలావరకు సరిదిద్దుకోగల లోపాలు. వాయువు శాతాన్ని చిత్రీకరణ మధ్యలోనే తగ్గించవచ్చు, ఆక్సిజన్ శాతాన్నీ కుదించవచ్చు. పొట్టలోకి వెళ్లిన మందును అలా సవరించలేం. అటిపమెజోల్ అనే విరుగుడు మందు జైలజిన్‌ను తిప్పికొడుతుంది గానీ, చిత్రీకరణ నడుమ ఇస్తే ఎలుక కదులుతుంది. అయితే ఐసోఫ్లూరేన్ కూడా చక్కెరను కొంత పెంచగలదు. అందువల్ల మత్తుకు ముందూ తరువాతా చక్కెరను కొలవండి. శరీర ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచి, రక్తపోటునూ కంటిలోపలి ఒత్తిడినీ నమోదు చేయండి, ఎందుకంటే కంటికి రక్తాన్ని నెట్టే బలం ఆ రెండింటి తేడాయే. పాత కొలతల విషయానికొస్తే, కొన్ని ఎలుకలను వేర్వేరు రోజుల్లో రెండు మత్తుల కిందా చిత్రించి, తేడా రెండు గుంపుల్లోనూ ఒకే తీరుగా ఉందో లేదో చూడండి. ఉంటే పాత సమాచారాన్ని కొత్తదాని పక్కన పెట్టి జాగ్రత్తగా పోల్చుకోవచ్చు, లేకపోతే కలపకండి.