ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే రావట్లేదు: లోపం ఎస్‌ఎంపీఎస్‌దా, మదర్‌బోర్డుదా?

విండోస్ 98 రోజుల నుంచీ నాకు కంప్యూటర్లు విప్పి చూడటం పిచ్చి. కోర్సులేమీ చెయ్యలేదు, పాడుచేసుకుంటూ నేర్చుకున్నదే. ఇప్పుడు పదేళ్ల నాటి డెస్క్‌టాప్ ఒకటి ఏడిపిస్తోంది. పవర్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, మానిటర్ మాత్రం నల్లగానే ఉంటుంది. స్పీకర్ ఉన్నా బీప్ కూడా లేదు. ర్యామ్ పిన్నులు రబ్బరుతో రుద్ది, ఒక్కో స్టిక్కూ విడిగా పెట్టి చూశాను. బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ కొత్తది వేశాను. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకి కరెంటు అందించే పెట్టె) నుంచి వచ్చే 12 వోల్టుల పసుపు వైరుకి మల్టీమీటర్ పెడితే 11.2 వోల్టులే చూపిస్తోంది, 11.4కి తగ్గకూడదు కదా. పైగా బోర్డు మీద ప్రాసెసర్ పక్కన ఒక కెపాసిటర్ (కరెంటుని నిలకడగా ఉంచే చిన్న డబ్బీ లాంటి భాగం) తల కాస్త ఉబ్బినట్టుంది (మా ఆవిడకి మాత్రం కనపడట్లేదు). ముందు ఎస్‌ఎంపీఎస్ మార్చమంటారా, కెపాసిటరా? రిపేరు షాపతను మూత కూడా తియ్యకుండానే బోర్డు పోయిందన్నాడు. నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు.